కొబ్బరి పొట్టు: తూకంతో పాటు ఉప్పు కూడా చూడాలి

కర్నూలు, కడప జిల్లాల షేడ్‌నెట్ నర్సరీల్లో మిరప, టమాటా నారు ట్రేలకు కొబ్బరి పొట్టు వాడకం మామూలైంది. వర్తకులు 5 కిలోల ఇటుకను తూకం, ధర చూసి ఎత్తుతున్నారు. ఉప్పు సంగతి అడిగేవారు తక్కువ. ఈ పద్ధతి మారాలి.

ఉప్పునీటిలో నానిన డొక్కల పొట్టులో సోడియం, క్లోరైడు మిగిలిపోతాయి. మీటరుపై ఇ.సి. 1 లోపు వుంటే నారుకు భయం లేదు. బాగా మించితే వేరు మాడుతుంది. కోస్తా నర్సరీలు కాలువ నీటితో కడిగి గట్టెక్కగలవు. సీమలో చాలాచోట్ల బోరు నీరే ఉప్పన. దానితో ఎంత కడిగినా ఫలితం అంతంతే. కనుక కడిగి, కాల్షియం నైట్రేటుతో శుద్ధిచేసిన సరుకునే దింపుకోవాలి. ధర కొంత ఎక్కువే, కాదనలేం.

చవకని పచ్చి బుడ్డల పొట్టు కలపడం తప్పుడు లెక్క. అది కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేస్తుంది, నారు పసుపెక్కుతుంది. ముందే బాగా కుళ్లబెడితే వేరే మాట.

టోకు వర్తకులు ప్రతి లాటుకూ ఇ.సి. అంకెను బిల్లుపై రాసివ్వాలి. అది లేనప్పుడు నారు చస్తే తగవు విత్తనం అమ్మినవాడి మీదికి పోతుంది. పొట్టు అమ్మినవాడు పక్కకు తప్పుకుంటాడు.