నగరాల ర్యాంకులు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతానికి వర్తించేదెంత?

(ప్రత్యేక విశ్లేషణ)

ఏలూరు: నగరాల ఆర్థిక స్థితిని, జీవన నాణ్యతను కొలిచి ర్యాంకులు ప్రకటించడం పట్టణ విధానంలో ముఖ్య భాగమైంది. అయితే ర్యాంకు కంటే ముందు, జాబితాలో చేరిన పట్టణాలు ఏవి, చేరనివి ఏవి అన్నది పరిశీలించవలసి ఉన్నది.

సూచిక స్వరూపం

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సులభతర జీవన సూచికను 2018లో తొలిసారిగా, 2021 మార్చి 4న రెండవసారి విడుదల చేసింది. రెండవ విడతలో 111 నగరాలకు ర్యాంకులు ఇచ్చారు. మొత్తం మార్కులలో జీవన నాణ్యతకు 35 శాతం, ఆర్థిక సామర్థ్యానికి 15 శాతం, సుస్థిరతకు 20 శాతం, పౌరుల అభిప్రాయ సర్వేకు 30 శాతం కేటాయించారు. పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలలో బెంగళూరు ప్రథమ స్థానం పొందగా విశాఖపట్నం 15వ స్థానంలో నిలిచింది. అంతకు తక్కువ జనాభా గల నగరాలలో సిమ్లా ప్రథమ స్థానం, కాకినాడ 4వ స్థానం పొందాయి.

జాబితా వెలుపలి పట్టణాలు

స్మార్ట్ సిటీలు, పది లక్షల జనాభా దాటిన నగరాలు ప్రధాన ప్రాతిపదిక కావడంతో, 2005లో నగరపాలక సంస్థగా ఏర్పడిన ఏలూరుకు గాని, జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్న తాడేపల్లిగూడెంకు గాని ఇందులో చోటు లభించలేదు. ఈ రెండూ అమృత్ పథకంలోను, స్వచ్ఛ సర్వేక్షణ్‌లోను ఉన్నప్పటికీ, స్వచ్ఛ సర్వేక్షణ్ పారిశుధ్యాన్నే ప్రధానంగా కొలుస్తుంది. ఆదాయాన్ని, ఉపాధిని కొలవదు.

ఈ లోటు ఎంతటిదో 2020 డిసెంబరులో వెల్లడైంది. ఏలూరులో ఐదు వందల మందికి పైగా మూర్ఛ, వాంతులతో ఆసుపత్రులలో చేరారు. ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్త నమూనాలలో సీసం, నికెల్ ఆనవాళ్లు కనిపించాయి. మూడు నెలల తరువాత విడుదలైన సూచికలో తాగునీరు, ఆరోగ్యం అంశాలు ఉన్నవి గాని, ఏలూరు లేదు.

కొల్లేరు: పట్టణ సరిహద్దుకు ఆవల

2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరు ఏ పురపాలక సంఘం పరిధికీ చెందదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదనీరు, పట్టణాల మురుగునీరు చేరేది ఈ సరస్సుకే. సముద్రానికి వెళ్లే మార్గం ఉప్పుటేరు. చేపల చెరువులు ఆదాయాన్ని పెంచినవి, నీటి ప్రవాహానికి అడ్డుకట్టలూ అయినవి. అభయారణ్య పరిధిలోని చెరువులను 2006లో పెద్దయెత్తున తొలగించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తిన పిదప లంక గ్రామాలూ ముంపునకు గురయ్యాయి. చెరువుల ఆదాయం ఆర్థిక లెక్కలలో చేరుతుంది. ముంపు నష్టం మాత్రం ఏ నగర ర్యాంకులోను కనిపించదు.

గమనించవలసిన అంశాలు

1. ర్యాంకును ప్రచురించేటపుడు ఏ సంవత్సరపు గణాంకాలు, ఎన్ని నగరాలు, ఏ అంశానికి ఎంత శాతం అన్నవి తెలపడం అవసరం.

2. స్థూల ఉత్పత్తిని జిల్లా స్థాయిలో అంచనా వేస్తారు. అది పట్టణ ఆదాయం కాదు. పైగా 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు కొత్త జిల్లాకు కేంద్రమైంది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే కొనసాగుతున్నది. అంతకు ముందరి పశ్చిమ గోదావరి గణాంకాలను ఇప్పటి వాటితో నేరుగా పోల్చరాదు.

3. ర్యాంకు లభించని పట్టణాలు తమను తామే పోల్చుకోవచ్చును. వార్డులవారీగా నీటి పరీక్షల ఫలితాలు, మురుగునీటి శుద్ధి, ఉపాధి వివరాలను ఏటా ఒకే పద్ధతిలో నమోదు చేసి ప్రకటించినచో, ఇతర నగరాలతో పోలిక లేకపోయినా, గత సంవత్సరం కంటే ప్రజల జీవనం మెరుగైనదీ లేనిదీ తెలుస్తుంది.