దిగులు వేర్లు ఒంట్లోనూ ఉంటాయి: కొండవీడు పల్లెల్లో ముందు రక్తపరీక్ష చేయాలి

దిగులు, ఆందోళన మనసుకు తెలిసే బాధలు. వాటి మూలం మాత్రం ప్రతిసారీ మనసులోనే ఉండదు. రక్తం తగ్గినా, మెడలోని థైరాయిడ్ గ్రంథి మందగించినా, షుగర్ ఉన్నట్టుండి పడిపోయినా, పురుగుమందు చర్మం గుండా ఒంట్లోకి ఇంకినా మనిషి దాదాపు అదే మాట అంటాడు: “ఏమీ తోచడం లేదు, గుండె దడగా ఉంటోంది, పని మీదికి మనసు పోవడం లేదు.” కొండవీడు కొండల చుట్టూ ఉన్న పల్లెల్లో ఈ మాటకు తరచుగా దొరికే జవాబులు మూడు. ఇంట్లో పెద్దలు బెంగ పెట్టుకుందనో గాలి సోకిందనో అంటారు. ఊరి ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని చెప్పి బలానికి ఇంజెక్షన్ చేస్తాడు. ఎవరో ఒకరు నిద్రమాత్ర ఇప్పిస్తారు. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూసేవారు అరుదు. ఆ చుక్క తీయడం పల్నాడు జిల్లాలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలో నియమం కావాలన్నదే ఈ కరపత్రం ఉద్దేశం.

జొన్నకూటి పాఠం

ఒంటి లోపం మనసును కుంగదీస్తుందని తెలుగు నేల మీదే ఒకసారి రుజువైంది. పల్నాడు జొన్నల సీమ. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడి పేరున నిలిచిన చాటువుల్లో సైతం పల్నాటి జొన్నకూటి ఊసు వస్తుంది. దక్కనులో జొన్న మీదే బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేచేది, విరేచనాలు అయ్యేవి, మనిషి దిగులుపడి, నిద్ర పట్టక, చివరికి మతి తప్పే స్థితికి చేరేవాడు. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పిలిచే హైదరాబాదు పరిశోధనశాల శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా దీని మీద పరిశోధించారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థానికి ఇందులో పాత్ర ఉండవచ్చని 1960లో ప్రతిపాదించారు. బి విటమిన్లలో ఒకటైన నయాసిన్ ఇస్తే చర్మంతో పాటు మనసూ తేరుకునేది. జొన్నతో పాటు పప్పు, పాలు, కూరలు తినేవారికి ఆ ముప్పు లేదు. మతి చలించిందని తాయెత్తు కట్టిన మనిషికి నిజంగా కావలసింది ఒక విటమిన్ అని ఆ అనుభవం చెప్పింది.

రక్తహీనత

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే ఒంటికి ప్రాణవాయువు చాలదు. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైకి వస్తుంది. మెదడులో ఉత్సాహాన్నీ ఆసక్తినీ నడిపే డోపమిన్ వంటి రసాయనాల తయారీకి కూడా ఇనుము కావాలి. మిరప కల్లంలో పొద్దంతా కూర్చుని తాలుకాయలు ఏరే కూలి మనిషి లేచి నిలబడగానే కళ్లు తిరిగి, గుండె దడదడలాడి, ఏదో అయిపోతోందన్న భయం కమ్ముకుంటే దాన్ని పిరికితనం అనడం అన్యాయం. ఆమె హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే ఎంత తక్కువ ఉందో ముందు చూడాలి. ఇనుము మాత్రను టీతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో తీసుకుంటే బాగా పడుతుంది.

థైరాయిడ్, బి12, షుగర్

థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఒళ్లు బరువెక్కుతుంది, చలి ఓర్చుకోలేరు, మలబద్ధకం, జుట్టు రాలడం, మతిమరుపు వస్తాయి. వాటితో పాటే ఏ కారణమూ లేని దిగులు. గ్రంథి అతిగా పనిచేస్తే బరువు తగ్గి, చేతులు వణికి, చెమటలు పట్టి, నిలకడలేని ఆందోళన పట్టుకుంటుంది. కాన్పు తర్వాత ఏడాదిలోపు కొందరు తల్లులకు మొదట అతి, తర్వాత మందగింపు, రెండూ వరుసగా వస్తాయి. బాలింత ఊరికే ఏడుస్తోందని విసుక్కునే ముందు టీఎస్‌హెచ్ అనే ఒక్క రక్తపరీక్ష చేయించాలి.

విటమిన్ బి12 పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. శాకాహారుల్లోనూ, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలోనూ అది తగ్గవచ్చు. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు, చిరాకు, కుంగుబాటు దాని గుర్తులు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషించి రక్తహీనత వైద్యాన్నే మార్చింది. అయితే బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడినట్టు కనిపించినా నరాల నష్టం లోలోపల సాగిపోతుంది. అందుకే పరీక్ష లేకుండా బలం మాత్రలు మింగించడం సరికాదు.

షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, దడ, చచ్చిపోతామేమోనన్న భయం కలుగుతాయి. అవి అచ్చం ఆందోళన దాడిలాగే ఉంటాయి. గ్లూకోమీటర్ ఒక్క నిమిషంలో తేడా చెబుతుంది. కీళ్లనొప్పులకు ఏమి మందో చెప్పకుండా చేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా నిద్రను, మనసును దెబ్బతీస్తాయి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే నీరసం, దిగులు వస్తాయి. సారా, బ్రాందీ తాత్కాలికంగా మరపునిచ్చి మర్నాటికి దిగులును పెంచుతాయి. రోజూ తాగేవారు హఠాత్తుగా మానితే వణుకు, ఆందోళన, ఫిట్స్ కూడా రావచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

మిరపతోటలో మందు

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం పురుగుమందు. మిరప, పత్తి పండే పల్నాడులో నారు నాటింది మొదలు కోత దాకా మందు కొడుతూనే ఉంటారు. 2021–22లో మిరపను నల్లతామర పురుగు ముంచెత్తినప్పుడు రైతులు ఒక మందు మీద ఒక మందు మార్చి మార్చి కొట్టారు. ఆ పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. డ్రమ్ములో నీళ్లు పోసి, సీసా మూతతో మందు కొలిచి, పుల్లతో లేకపోతే చేత్తోనే కలుపుతారు. డబ్బా వీపున కట్టుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని సాళ్లలో నడుస్తారు. నడుము ఎత్తు మొక్కల మీద పడ్డ తుంపర లుంగీని తడుపుతుంది, డబ్బా కారితే చొక్కా వీపుకు అంటుకుంటుంది. తువ్వాలు తడిస్తే ఆ మందునే ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు. మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పేటప్పుడు సబ్బు ఉండదు.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫేట్ మందులు నరాల చివర ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. నరం నుంచి నరానికి సంకేతం చేరవేసే రసాయనం విరగక అక్కడే పోగవుతుంది. ఒక్కసారిగా ఎక్కువ వెళితే నోట చొంగ, చెమట, వాంతులు, కంటిపాప చిన్నదవడం, ఊపిరాడకపోవడం. అప్పుడు 108కి ఫోన్ చేయాలి, మందు సీసా వెంట తీసుకెళ్లాలి. కొద్దికొద్దిగా సీజనంతా వెళితే తలనొప్పి, నిద్రలేమి, చిరాకు, ఆందోళన, కుంగుబాటు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచే ఈ మందులు కలిపే, కొట్టే కూలీలకు కోలినెస్టరేజ్ పరీక్ష చేసి, స్థాయి పడిపోతే పని మాన్పించే నియమం పెట్టింది. మిరప పేరుతో ప్రపంచానికి తెలిసిన ప్రాంతంలో ఆ రక్షణ లేకపోవడం తగదు.

పరీక్షతోనే ఆగకూడదు

ఒంటి కారణం దొరికినంత మాత్రాన మనసు వైద్యం అక్కర్లేదనుకోవడం మరో పొరపాటు. అప్పు, కౌలు భారం, చావు, కాపురంలో గొడవ కూడా నిజమైన కారణాలే. తరచుగా రెండూ కలిసే ఉంటాయి. అన్ని పరీక్షలూ సరిగ్గా వచ్చిన మనిషిని “నీకేం లేదు” అని పంపడం వైద్యం కాదు. బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి, బాధితుల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యంలో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. ప్రాథమిక స్థాయి నుంచే దాన్ని సాధారణ వైద్యంలో కలపాలని ఆ చట్టమే చెబుతోంది.

చేయవలసినవి

1. దిగులు, దడ, నిద్రలేమితో వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్, షుగర్, బీపీ, టీఎస్‌హెచ్ చూడాలి. తిమ్మిర్లున్నవారికి, మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 కూడా చూడాలి.

2. వాడుతున్న మాత్రలు, చేయించుకున్న ఇంజెక్షన్లు, తాగుడు, ఈ నెలలో కొట్టిన పురుగుమందుల పేర్లు చీటీ మీద రాయాలి.

3. ఇంటింటి షుగర్, బీపీ సర్వేకు వచ్చే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు రెండు ప్రశ్నలు కలపాలి: రెండు వారాలుగా దిగులుగా ఉందా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా.

4. మందు కొట్టే కూలీలకు సీజన్ ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కోలినెస్టరేజ్ పరీక్ష ఉచితంగా చేయాలి. పొలం యజమాని సబ్బు, నీళ్లు, చేతితొడుగులు, మారు బట్టలు సమకూర్చాలి.

5. మూడు, నాలుగు వారాల్లో మళ్లీ పిలిచి చూడాలి. తగ్గకపోతే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి.

6. కుంగుబాటులో ఉన్నవారి ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంచకూడదు. బతకాలని లేదన్న మాట వినిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇందులో కొత్త ఆసుపత్రి కట్టవలసిన పని ఏదీ లేదు. సూదులు, పరీక్షా పరికరాలు, సిబ్బంది చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. గ్రామసభలు తీర్మానం చేసి, జిల్లా వైద్యాధికారులు ఒక ఉత్తర్వు ఇస్తే వచ్చే మిరప సీజన్ నాటికే ఇది అమలులోకి రాగలదు.