సినగాగ్ మీద నిప్పు విసిరితే అది "నిరసన" అవుతుందా?

హేట్ క్రైమ్ చట్టాల మాటెత్తితే చాలు, మనవాళ్ళలో ఎవరో ఒకరు టక్కున అనే మాట: "నేరం నేరమే కదండీ, మళ్ళీ అందులో ద్వేషం ఉందా లేదా అని కొలవడమేంటి?" వినడానికి బాగానే ఉంటుంది. కానీ కొలవకపోతే ఏమవుతుందో చూద్దాం.

2014 జూలైలో జర్మనీలోని వుప్పర్టాల్‌లో ముగ్గురు పాలస్తీనా యువకులు రాత్రిపూట యూదుల ప్రార్థనా మందిరం మీదకి నిప్పంటించిన సీసాలు విసిరారు. అదే ఊళ్ళో పాత సినగాగ్‌ని 1938లో నాజీలు తగలబెట్టారు. అదృష్టం కొద్దీ ఈసారి ఎవరికీ ఏమీ కాలేదు. నిప్పు పెట్టబోయారని కోర్టు ఒప్పుకుంది, శిక్షా వేసింది, కానీ జైలుకి పంపకుండా సస్పెండ్ చేసింది. గాజా యుద్ధం వైపు జనం దృష్టి మళ్ళించాలని చేశారట, కాబట్టి యూదు ద్వేషం రుజువు కాలేదట! పై కోర్టులో కూడా అదే నిలబడింది.

ఇదేం లాజిక్? ఇజ్రాయెల్ మీద కోపముంటే ఎంబసీ ముందు ధర్నా చెయ్యండి, వ్యాసాలు రాయండి, మీ ఇష్టం. అది మీ హక్కు. కానీ ఆ కోపాన్ని జర్మనీలో ఉన్న యూదుల ప్రార్థనా మందిరం మీద తీర్చుకున్నారంటే, ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసినదానికి ప్రతి యూదుడూ బాధ్యుడే అన్నట్టు. యూదు ద్వేషమంటే సరిగ్గా ఇదే కదా! టార్గెట్ ఎంపికలోనే ఉద్దేశం బయటపడిపోయింది.

ఇప్పుడు అదే లాజిక్‌ని పిట్స్‌బర్గ్‌కి అప్లై చేద్దాం. 2018 అక్టోబర్ 27న ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో ఒకడు 11 మందిని కాల్చి చంపాడు. శరణార్థులకు సాయం చేసే ఓ యూదు సంస్థ మీద వాడికి కోపం. వుప్పర్టాల్ లెక్కన వాడు కూడా "ఇమ్మిగ్రేషన్ మీద దృష్టి మళ్ళించడానికే" చేశాడనుకోవాలి! అమెరికా ప్రాసిక్యూటర్లు అలా వదల్లేదు. నెట్‌లో వాడు రాసిన రాతలు, పోలీసులతో వాడన్న మాటలు జ్యూరీ ముందు పెట్టారు. 2023లో 63 అభియోగాలూ రుజువయ్యాయి, మరణశిక్ష పడింది. మరణశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఇక్కడ నా పాయింటు ఒకటే: రాజకీయ కారణం చెప్పినంత మాత్రాన ద్వేషం మాయమైపోదు.

"యూదులకే ప్రత్యేక చట్టమా?" అని అడిగేవాళ్ళకి కూడా ఓ మాట. అక్కడ వాడిన చట్టాల్లో ఒకటి 1996లో బలపడింది, అదీ నల్లజాతివాళ్ళ చర్చిలు వరసగా తగలబడుతుంటే. 2019లో కాలిఫోర్నియాలోని పోవే సినగాగ్‌లో కాల్పులు జరిపి ఒకరిని చంపినవాడు, అంతకు నెల ముందు ఎస్కోండిడోలో ఓ మసీదుకి నిప్పు పెట్టాడు. రెండు నేరాలకీ అదే చట్టం కింద కేసు పెట్టారు. ఎవరి గుడి అన్నది చట్టానికి అనవసరం. ఆ గుడినే ఎందుకు ఎంచుకున్నావన్నదే ప్రశ్న.

జర్మనీ కూడా 2021లో శిక్ష ఖరారు చేసేటప్పుడు యూదు వ్యతిరేక ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకోవాలని చట్టంలో పేరుపెట్టి మరీ చేర్చింది. మంచిదే. కానీ "నిరసన" అనగానే జడ్జిగారు ఆ ఉద్దేశం లేదని తేల్చేస్తే, చట్టంలో ఎన్ని పదాలు చేర్చి ఏం లాభం?

ఇదంతా మనకెందుకు అంటారా? 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత్‌లో మన తెలుగు ఇంజనీర్‌ని చంపినవాడు కూడా ముందు వీసాల గురించే అడిగాడు, మా దేశం నుంచి పొండి అని అరిచాడు. "పాపం, వీసా విధానం మీద నిరసన తెలిపాడు" అని ఎవరైనా అంటే మనం ఒప్పుకునేవాళ్ళమా? ఆ కేసులో ఫెడరల్ ప్రభుత్వం హేట్ క్రైమ్ కింద కేసు పెట్టింది, వాడు నేరం ఒప్పుకున్నాడు, 2018లో యావజ్జీవం పడింది. అప్పుడు మనమెవరం "నేరం నేరమే, ద్వేషాన్ని కొలవడమెందుకు" అనలేదు. మరి సినగాగ్ విషయం వచ్చేసరికి ఎందుకంటున్నాం?