ఆరు నెలల నిబంధన, పదమూడేళ్ల ఒంటరితనం

2025 సెప్టెంబరు 17 ఉదయం ఢిల్లీ జూలో శంకర్ మేత సరిగ్గా తినలేదు. కొద్దిగా విరేచనాలు అవుతుంటే డాక్టర్లు వైద్యం చేశారు. సాయంత్రం షెడ్డులో ఉన్నట్టుండి కుప్పకూలింది. రాత్రి ఎనిమిదింటికల్లా ప్రాణం పోయింది. అరవై ఏళ్ల దాకా బతకగల ఆఫ్రికా ఏనుగు అది, ఇరవై తొమ్మిదేళ్లకే వెళ్లిపోయింది.

బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షల్లో కారణం తేలింది. ఎలుకల వల్ల వ్యాపించి గుండెను దెబ్బతీసే ఒక వైరస్. ఎలుకల మలమూత్రాలు మేతలోనో నీళ్లలోనో కలిస్తే సోకుతుంది. దాణా గదిని, నీటి తొట్టిని శుభ్రంగా ఉంచడం జూ నిర్వహణలో ఓనమాలు. చావుకు కారణం రాసి ఫైలు మూసేయవచ్చు. అన్నేళ్లు ఒంటరిగా బతకాల్సి రావడానికి కారకులెవరో ఏ ఫైలూ చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు కావాలి.

జింబాబ్వే ప్రభుత్వం రాష్ట్రపతిగా చేసిన శంకర్ దయాళ్ శర్మకు ఇచ్చిన కానుక శంకర్. ఒకప్పుడు మన ఉమ్మడి రాష్ట్రానికి గవర్నరుగా చేసిన ఆయన పేరే దానికి పెట్టారు. తోడుగా వచ్చిన ఆడ ఏనుగు 2001లో చనిపోయింది. అక్కడే ఉన్న ఆసియా ఏనుగులతో కలిపి చూస్తే పొసగలేదు. 2012లో వేరే ఎన్‌క్లోజర్‌కు మార్చారు. అప్పటి నుంచి చనిపోయేదాకా ఒంటరే. ఏనుగులు మన చెవికి అందని మంద్రస్వరంతో కిలోమీటర్ల దూరంలోని తోటి ఏనుగులతో మాట్లాడుకుంటాయి. మగవి పెద్దయ్యాక మందను విడిచినా తోటి మగ ఏనుగులతో జట్టు కడతాయి. శంకర్ పిలిస్తే పలకడానికి తన జాతి ఏనుగు ఒక్కటీ ఆ జూలో లేదు.

ఏ ఏనుగునూ ఆరు నెలలకు మించి ఒంటరిగా ఉంచకూడదని 2009లోనే నిబంధన పెట్టారు. దాన్ని అమలు చేయించాల్సింది 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ. ఢిల్లీ జూను నడిపేది కేంద్ర పర్యావరణ శాఖ. అథారిటీకి అధ్యక్షుడు ఆ శాఖ మంత్రే. తప్పు జరిగే చోటా, తప్పు పట్టే చోటా ఒకే శాఖ కూర్చుంటే ఎవరు ఎవరికి నోటీసు ఇస్తారు? ఆరు నెలల గడువు పదమూడేళ్లు సాగిందంటే మూలం ఇక్కడే ఉంది.

బయటివాళ్లు కదిలితేనే ఏదో ఒకటి జరిగింది. ఒక స్వచ్ఛంద సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళితే, జంతువుల తరలింపు చూసే కమిటీని ఆశ్రయించమని 2023లో కోర్టు పంపేసింది. 2024 అక్టోబరులో ప్రపంచ జూల సంఘం ఢిల్లీ జూ సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. ఆ తర్వాతే కేంద్ర పర్యావరణ సహాయమంత్రి వచ్చి చూశారు, శంకర్ కాళ్ల గొలుసులు తీశారు. విదేశాల్లో పరువు పోతే తప్ప ఊడని గొలుసులవి! ఏడాది తిరక్కుండానే శంకర్ పోయింది.

తోడు తేవడం అంత తేలిక కాదని అధికారులు అంటారు. నిజమే, ఖండాలు దాటించి ఆఫ్రికా ఏనుగును తేవడం మాటలు కాదు. అలాంటప్పుడు తోడున్న చోటికి శంకర్‌నే ఎందుకు పంపలేదు? తోడు చనిపోయిన ఏడాదే ఆలోచించాల్సిన మాట అది.

హైదరాబాద్‌కూ ఇలాంటి కానుకలు వచ్చాయి. 2012 జీవవైవిధ్య సదస్సుకు వచ్చిన సౌదీ రాకుమారుడు ప్రకటించిన చీతాలు మరుసటి ఏడాది నెహ్రూ జూ పార్కు చేరాయి. ఆడది 2020లో పోయింది, మగది అబ్దుల్లా 2023 మార్చిలో గుండెపోటుతో పోయింది. సాకినవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. కానుక పుచ్చుకునే రోజున ఫొటోలు దిగేవాళ్లు, రెంటిలో ఒకటి పోతే మిగిలినదాని సంగతేమిటో ఆ రోజే కాగితం మీద రాసి పెట్టాలంటున్నాను.

అథారిటీని పర్యావరణ శాఖ నీడ నుంచి బయటికి తేవాలి. జూలు నడపని పశువైద్యులు, వన్యప్రాణి నిపుణులు అందులో ఉండాలి. ప్రతి తనిఖీ నివేదికా జనం చదివేలా బయటపెట్టాలి. లోపం ఏమిటి, సరిదిద్దాల్సిన అధికారి ఎవరు, గడువు ఎప్పటిదాకా అన్నది అందులో ఉండాలి. చనిపోయిన ప్రతి జంతువు పోస్టుమార్టం నివేదికా దాచకుండా ఇవ్వాలి. తోడు, వైద్యం, అవసరమైతే వెనక్కి పంపే ఏర్పాటు రాతపూర్వకంగా లేనిదే ఏ విదేశీ జంతువునూ కానుకగా తీసుకోకూడదు.

మైసూరు జూలో ఇంకో ఆఫ్రికా మగ ఏనుగు ఉంది. దానికి తన జాతి తోడు ఎప్పుడు, ఎక్కడ దొరుకుతుందో తేదీతో సహా చెప్పమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. పర్యావరణ మంత్రి, జూ అథారిటీ అధ్యక్షుడు ఒక్కరే కాబట్టి, జవాబు ఇంకొకరి మీదికి నెట్టే వీలు ఆయనకు లేదు.