కప్పు గెలిచినోడికి సీటు రాలేదు

కాస్త పెద్ద పోస్టు ఇది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఇక్కడ ఒకన్న ఒక మాట పెట్టాడు. "అందరికీ ఒకే పేపరు, ఒకే టైము, ఒకే హాలు. ఇంకేం కావాలి? దమ్మున్నోడు గెలుస్తాడు, గెలిచినోడికి సీటొస్తుంది" అని. కింద లైకులే లైకులు. ఆ అన్న చాలా కష్టపడి ఉద్యోగం తెచ్చుకున్నాడు, ఆ మాట అనే హక్కు ఆయనకుంది. కానీ ఈ "ఒకే పేపరు" పద్ధతిని మన పరీక్షల కంటే గట్టిగా పాటించే చోటు ఒకటుంది. అక్కడ 2022లో ఏం జరిగిందో చెప్తా, తర్వాత మాట్లాడుకుందాం.

ఆ చోటు కార్ల రేసింగ్. నవ్వకండి. మా హాస్టల్లో అందరూ క్రికెట్ చూస్తుంటే నేను ఫోన్లో రేసుల హైలైట్స్ చూస్తుంటా, నా పిచ్చి మా రూమోళ్లకి తెలుసు. ఫార్ములా 1 పేరు వినే ఉంటారు, చక్రాలు బయటికి కనపడే ఒంటి సీటు కార్లు. దాంట్లోకి నేరుగా ఎవరూ పోరు. ఫార్ములా 4, ఫార్ములా 3, ఫార్ములా 2 అని మెట్లున్నాయి. మనకి టెన్త్, ఇంటర్, డిగ్రీ ఎట్లనో అట్ల. ఆఖరి మెట్టు ఫార్ములా 2.

ఫార్ములా 1లో ఏ జట్టు కారు ఆ జట్టే తయారు చేసుకుంటుంది. డబ్బున్న జట్టు కారు ముందుంటుంది. ఫార్ములా 2లో అది కుదరదు. అందరికీ డల్లారా కంపెనీ చేసిన ఒకే కారు, మెకాక్రోమ్ కంపెనీ చేసిన ఒకే ఇంజను, పిరెల్లీ టైర్లు. 3.4 లీటర్ల టర్బో ఇంజను, 620 హార్స్ పవర్. పవర్ స్టీరింగ్ కూడా ఉండదు, ఆ స్పీడులో చేతుల బలంతోనే తిప్పాలి. నడిపేవాడిలో ఎంత సత్తా ఉందో తెలియాలనే ఇట్లా పెట్టారు. జట్టుని బట్టి మెకానిక్కులు, ఇంజనీర్లు మారతారు నిజమే, కానీ పేపరు మాత్రం ఒకటే.

2022 సీజన్ 14 చోట్ల, 28 రేసులు. శనివారం చిన్న రేసు, ఆదివారం పెద్ద రేసు. పెద్ద రేసు గెలిస్తే 25 పాయింట్లు, చిన్నది గెలిస్తే 10.

ఆ ఏడాది ఫెలిపె డ్రుగోవిచ్ అనే అతను మొదటి నుంచి చివరి దాకా దున్నేశాడు. బ్రెజిల్లో మరింగా అనే ఊరు అతనిది. అప్పటికి 22 ఏళ్లు. ఫార్ములా 2లో అది మూడో ఏడాది. 2020లో ఎంపీ మోటార్‌స్పోర్ట్ అనే డచ్ జట్టుతో వచ్చి మూడు రేసులు గెలిచాడు. 2021లో ఇంకా పేరున్న జట్టుకి మారితే ఒక్కటీ గెలవలేదు, ఎనిమిదో స్థానం. ఇక వీడి పనైపోయింది అనుకునే టైములో పాత జట్టుకే తిరిగొచ్చాడు. ఆ తిరిగి రావడం నాకు చాలా నచ్చిన విషయం. ఒక ఏడాది పోయినంత మాత్రాన మనిషి అయిపోడు, లాంగ్ టర్మ్ కోచింగ్ చేసినోళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

జెడ్డాలో పెద్ద రేసు గెలిచాడు. బార్సిలోనాలో శనివారం రేసు, ఆదివారం రేసు రెండూ గెలిచాడు. వారం తిరిగేసరికి మొనాకోలో గెలిచాడు. అక్కడ రోడ్డుకి రెండు పక్కలా గోడలే, మన ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎదురుగా లారీ వచ్చినట్టుంటుంది, చిన్న తప్పు చేసినా అయిపోయినట్టే. తర్వాత జాండ్‌వోర్ట్. మొత్తం ఐదు గెలుపులు. గెలవని రోజు కూడా ఏదో ఒక పాయింటు ఏరుకుంటూ పోయాడు.

టైటిల్ ఖాయమైన రోజు మాత్రం సినిమా లాగా లేదు. సెప్టెంబరు 10, ఇటలీలోని మోంజా. శనివారం రేసు మొదటి ల్యాప్‌లోనే గుద్దుకుని కారు పాడై బయటికొచ్చేశాడు. ఇక చూస్తూ కూర్చోవడమే. రెండో స్థానంలో ఉన్న థియో పుర్షేర్ అనే ఫ్రెంచి కుర్రాడికి ఆ రేసులో పాయింట్లు రాలేదు. దాంతో లెక్క తేలిపోయింది, ట్రాక్ మీద లేకుండానే చాంపియన్ అయ్యాడు. అదృష్టం అంటారా? ఏడాదంతా కూడబెట్టుకున్నోడికే అలాంటి రోజు కలిసొస్తుంది. మర్నాడు పెద్ద రేసు గెలిచింది మనోడు, ముంబై కుర్రాడు జెహాన్ దారువాలా. ఆ వార్త మన పేపర్లలో ఎంత వచ్చిందో నాకైతే గుర్తు లేదు.

సీజన్ అయ్యేసరికి డ్రుగోవిచ్‌కి 265 పాయింట్లు. రెండో స్థానం పుర్షేర్‌కి 164. మూడు లియాం లాసన్ 149, నాలుగు లోగన్ సార్జెంట్ 148. మొదటికీ రెండుకీ మధ్య 101 పాయింట్ల తేడా. అందరికీ ఒకే కారు ఇచ్చిన చోట ఈ తేడా అంటే క్లాసులో ఒకడికి తొంభై, మిగతా అందరికీ యాభై వచ్చినట్టు.

మరి 2023లో ఫార్ములా 1కి కొత్తగా వచ్చింది ఎవరు? ముగ్గురు. ఆస్కార్ పియాస్త్రి, 2021 చాంపియన్, గెలిచాక ఒక ఏడాది ఖాళీగా కూర్చుని వచ్చాడు. నిక్ డి వ్రీస్, 2019 చాంపియన్, మూడేళ్ల తర్వాత వచ్చాడు, పది రేసులకే తీసేశారు. మూడోవాడు నాలుగో స్థానంలో వచ్చిన సార్జెంట్.

డ్రుగోవిచ్ లేడు.

అతనికి ఆస్టన్ మార్టిన్ జట్టులో రిజర్వ్ డ్రైవర్ పని ఇచ్చారు. అంటే ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పనికొచ్చే మనిషి. ఆ జట్టు ఓనరు లారెన్స్ స్ట్రోల్, రెండు కార్లలో ఒకటి నడిపేది ఆయన కొడుకు లాన్స్ స్ట్రోల్. 2023 సీజన్ మొదలవకముందు కొడుకు సైకిల్ మీద నుంచి పడి మణికట్లు విరగ్గొట్టుకున్నాడు. బహ్రెయిన్ టెస్టింగ్‌లో ఆ కారు డ్రుగోవిచ్ నడిపాడు. రేసు వారానికి స్ట్రోల్ వచ్చేశాడు, విరిగిన చేతులతోనే ఆరో స్థానంలో వచ్చాడు. అది మామూలు విషయం కాదు, మెచ్చుకోవాలి. కానీ చాంపియన్ మళ్లీ బయటే నిలబడ్డాడు. ఇంకో తమాషా రూలుంది, ఫార్ములా 2 చాంపియన్ అయినోడు మళ్లీ ఆ పోటీకి రాకూడదు. పై తలుపు తెరుచుకోదు, కింది తలుపు మూసేశారు.

ఇక్కడ మనవాళ్లు చాలామంది "అంతా డబ్బే" అనేసి లేచిపోతారు. నేను అట్ల అనను. సార్జెంట్ సంగతి చూడండి. అతను చేతకానోడు కాదు, ఆ సీజన్‌లో సిల్వర్‌స్టోన్ పెద్ద రేసు గెలిచాడు. కానీ అతని వెనక విలియమ్స్ జట్టు అకాడమీ ఉంది. ఫార్ములా 1 నడపాలంటే సూపర్ లైసెన్స్ కావాలి, దానికి 40 పాయింట్లు. ఫార్ములా 2లో మొదటి ముగ్గురికీ ఆ 40 నేరుగా వచ్చేస్తాయి, నాలుగో వాడికి రావు. అందుకని విలియమ్స్ వాళ్లు సీజన్ చివర్లో అతన్ని శుక్రవారం ప్రాక్టీసుల్లో తమ ఫార్ములా 1 కారులో కూర్చోబెట్టారు. అక్కడ వంద కిలోమీటర్లు సాఫీగా తిరిగితే లైసెన్సుకి ఒక పాయింటు కలుస్తుంది. పాత పాయింట్లు, కొత్త పాయింట్లు కలిపి గట్టెక్కించారు. అడ్డదారి కాదు, రూలు ప్రకారమే. కాకపోతే ఆ రూలు తెలిసినవాళ్లు, కారు ఉన్నవాళ్లు, ఫలానా కుర్రాడికి ఎన్ని తక్కువయ్యాయో లెక్క రాసుకునే వాళ్లు అతనికున్నారు. పుర్షేర్‌కి సౌబర్ అకాడమీ, లాసన్‌కి, దారువాలాకి రెడ్ బుల్. డ్రుగోవిచ్‌కి సీజన్ గెలిచేదాకా ఏ అకాడమీ లేదు. టైటిల్ ఖాయమయ్యాకే ఆస్టన్ మార్టిన్ పిలిచింది.

అకాడమీ ఉన్నా గ్యారంటీ లేదనుకోండి. పుర్షేర్ 2023లో చాంపియన్ అయ్యాడు, అతనికీ తర్వాతి ఏడాది సీటు లేదు. వరసగా రెండేళ్లు క్లాస్ ఫస్ట్ వచ్చినోళ్లు బయటే. అదే 2017లో గెలిచిన లెక్లేర్, 2018లో గెలిచిన రస్సెల్, 2024లో గెలిచిన బోర్తొలెటొ వెంటనే పైకెళ్లారు. అంటే గెలుపు తలుపు దాకా తీసుకెళ్తుంది, తెరవడం మాత్రం లోపలున్నోళ్ల చేతిలో ఉంటుంది.

ఇంకొకటి చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది. డ్రుగోవిచ్ పేదోడు కాదు. ఫార్ములా 2లో ఒక సీజన్ నడపాలంటే 20 కోట్ల దాకా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ అవుతుందని లెక్కలు కడుతుంటారు. అంతకుముందు ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు నుంచి కార్టింగ్ ఖర్చు. మన చెన్నై వాళ్ల ఎంఆర్ఎఫ్ చాలెంజ్‌లో కూడా 2017-18 టైటిల్ అతనిదే, అట్ల దేశాలు తిరిగి తిరిగి నేర్చుకున్నాడు. కాబట్టి ఆ "ఒకే కారు" అనేది గ్రిడ్ మీద నిలబడ్డ ఇరవై చిల్లర మందికే ఒకటి. గ్రిడ్ దాకా రానోళ్లకి ఏ కారూ లేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది కదా. మా ఊరి అన్న ఒకాయన ఆ వారం బారికేడ్లు మోసే కూలికి వెళ్లాడు. ఎట్లుందన్నా అంటే, "ఎలక్ట్రిక్ కార్లంట, సౌండు కూడా లేదురా, జాలీ సందులోంచి రంగులు పోయినట్టు కనపడింది" అన్నాడు. మేమందరం నవ్వాం. రేసింగ్‌కి మనవాళ్లు ఇప్పటిదాకా అంత దగ్గరగా పోయింది అదే.

మా రూమ్మేట్ ఇది విని ఒక పోలిక తెచ్చాడు. ఫార్ములా 2లో శనివారం రేసుకి క్వాలిఫైయింగ్‌లో మొదటి పదిమందిని తిరగేసి నిలబెడతారు, పదోవాడు ముందు, ఒకటోవాడు పదో చోట. "ఇది రిజర్వేషనే కదా, అక్కడ ఎవడూ మెరిట్ పోయిందని ఏడవడే" అన్నాడు. పోలిక బాగుందని అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నచ్చలేదు. అక్కడ తిరగేసేది చూసేవాళ్లకి మజా కోసం, ఆ పదిమందీ ఒకే దారిలో వచ్చిన డబ్బున్నోళ్లే. రిజర్వేషన్ ఆ దారి అసలు లేనోళ్ల కోసం. మనమే ఇట్లాంటి పోలికలు తెస్తే, "అంటే మీరు వెనకోళ్లు, ముందు నిలబెట్టాం" అని మన మాట మనకే తిప్పి కొడతారు.

మరి ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, మన గ్రూపు ఫండు గురించి. ఉద్యోగాలొచ్చిన అన్నలు, అక్కలు నెలనెలా వేస్తున్న డబ్బు ఇప్పుడు మొత్తం అప్లికేషన్ ఫీజులకి, పుస్తకాలకి పోతోంది. అంటే గ్రిడ్ దాకా తీసుకెళ్లడానికి. మంచిదే, అది ఆపమని నేను అనను, ఫీజు కట్టకపోతే హాల్ టికెట్టే రాదు. కానీ గెలిచాక వచ్చే ఖర్చుకి మన దగ్గర ఒక్క రూపాయి లేదు. పోయిన ఏడాది ఒక చెల్లికి నర్సింగ్ సీటొచ్చింది. చేరే రోజుకి డిపాజిట్టు, యూనిఫాం, ప్రయాణం, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. వాళ్ల నాన్న అడగాల్సిన వాళ్లందర్నీ అడిగాడు. గడువు దాటిపోయింది. స్కాలర్‌షిప్ డబ్బు తర్వాత పడుతుంది, నిజమే, ముందు చేరాలి కదా. ఆ చెల్లి ఇప్పుడు పత్తి ఏరుతోంది, ఈ ఏడాది మళ్లీ రాస్తానంటోంది. ఒకే పేపరు రాసింది, గెలిచింది, సీటు పోయింది.

విలియమ్స్ వాళ్లు ఆ కుర్రాడికి చేసింది పెద్ద మాయేమీ కాదు. ఎన్ని పాయింట్లు తక్కువ, ఎక్కడ దొరుకుతాయి, ఎప్పటిలోగా కావాలి, ఇవి రాసుకుని కూర్చున్నారు. మనమూ రాసుకోవచ్చు. ర్యాంకు వచ్చినోళ్ల పేర్లు, చేరాల్సిన తేదీ, కులం సర్టిఫికెట్టు ఉందా, ఆదాయం సర్టిఫికెట్టు తేదీ దాటిందా, మొదటి నెలకి ఎంత కావాలి. ఐటీడీఏ ఆఫీసులో ఎవర్ని కలవాలో తెలిసిన సీనియర్లు ఈ గ్రూపులోనే బోలెడు మంది ఉన్నారు. ఫండులో సగం గెలిచాక ఖర్చుకి పక్కన పెడదాం అంటున్నా. అప్పుగా ఇచ్చినా సరే, స్కాలర్‌షిప్ పడ్డాక తిరిగి కడతారు. కట్టలేకపోతే అది వేరే సంగతి, అప్పుడు చూద్దాం.

"అప్పుడు ఫీజులకి తక్కువ పడుతుంది కదా" అంటారు. పడుతుంది. ఒక్కొక్కరు ఎనిమిది, తొమ్మిది నోటిఫికేషన్లకి కట్టించుకుంటున్నాం, అందులో సగానికి చదవను కూడా చదవం. నా పేరు కూడా ఆ లిస్టులో ఉంది, నావి మూడు తీసేయండి.

డ్రుగోవిచ్ తర్వాత లెమాన్స్ లాంటి పెద్ద రేసులు నడిపాడు, 2025లో బెర్లిన్‌లో మహీంద్రా జట్టుకి ఫార్ములా ఇలో నడిపాడు. అతని బతుకు బాగానే ఉంటుంది, అతని గురించి నాకు బెంగ లేదు. మా బ్లాకులో ఒక తమ్ముడున్నాడు, ఇంటర్ సెకండియర్, 400 మీటర్లలో రాష్ట్రం మీట్‌లో రెండో స్థానం వచ్చాడు. క్యాంపుకి పిలిచారు. వచ్చే నెల 6న అక్కడుండాలి. రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టులో ఉంది, మెడికల్ సర్టిఫికెట్టు ఇంకా తీసుకోలేదు, స్పైక్స్ ఫ్రెండువి, ఒక సైజు పెద్దవి. ఆదివారం మీటింగులో ముందు ఇది తీసుకుందాం. అతని సైజు 8.