పాత దూలాలు పొయ్యిలోకేనా?

అనకాపల్లి జిల్లా గ్రామాలలో పాత పెంకుటిళ్లు పోయి స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. ఇల్లు విప్పినప్పుడు గట్టిగా ఉన్న ద్వారబంధాలు, తలుపులు ఎవరో ఒకరు కొనుక్కుపోతారు. విరిగిన వాసాలు, కిటికీ చట్రాలు, మంచం కోళ్లు, జానెడేసి దూలం ముక్కలు మాత్రం వంటచెరకు కింద పోతున్నాయి. తాతల నాటి టేకు ఒక పూట వంటకు బూడిదవుతున్నది.

ఇదే జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. తరిమెన పట్టి లక్కబొమ్మలు చేయడంలో ఆ ఊరికి దేశమంతటా పేరుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే బొమ్మలకు ఆధారమైన అంకుడు కర్ర నానాటికీ కరువవుతున్నది. కర్ర లేనిదే మిషను తిరగదు. మిషను తిరగనిదే పనివాని ఇంట పొయ్యి వెలగదు.

ఒకచోట కర్ర వృథా అవుతుంటే, మరొకచోట చేతులు ఖాళీగా ఉండవలసిన పని లేదు. పాత కర్రతో కలాలు చేయించవచ్చు. కలానికి బొటనవేలంత మందం, జానెడుకు లోపు పొడవున్న ముక్క చాలు. దానిని రెండుగా కోసి, నిలువునా బెజ్జం వేసి, ఇత్తడి గొట్టం అతికించి, తరిమెన మీద తిప్పి నునుపు చేస్తారు. ఆపైన ములికి, రీఫిల్, క్లిప్పు బిగిస్తారు. ఏళ్ల తరబడి ఇంటికప్పు కింద ఆరిన కర్ర కనుక పచ్చికర్రలా కుంచించుకుపోయి పగలదు.

ఇబ్బందులు లేకపోలేదు. పాత కర్రలో దాగిన మేకు ఉలి అంచును పాడుచేస్తుంది. చెదలు తిన్న ముక్క పనికిరాదు. లోహపు భాగాలు బయటినుంచి తేవాలి. పది రూపాయల ప్లాస్టిక్ పెన్నుతో ధరలో పోటీ అసాధ్యం.

కాని ఈ కలం ఆ పెన్నుకు పోటీ కాదు, సభలలో కప్పే శాలువాకు పోటీ. పదవీ విరమణ చేసే మాస్టారికి పెట్టెలో మడతపెట్టే మరో శాలువా ఎందుకు? ఆయన పాఠాలు చెప్పిన పాత బడి తలుపు చెక్కతో చేసిన కలం ఇస్తే జేబులో పెట్టుకోరా?

కొత్తదారి మన పనివారికి కొత్త కాదు. రాజమండ్రిలో కె.వి.రత్నం 1932లోనే ఎబొనైటుతో స్వదేశీ కలాలు చేశారు. ఏటికొప్పాక బొమ్మలకు సహజ రంగులు తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

ఇల్లు విప్పేవారు మంచి ముక్కలను వేరుచేసి ఉంచాలి. వంటచెరకు ధరకన్న కొంత ఎక్కువిచ్చి వాటిని కొనే ఏర్పాటు పనివారి సంఘాలు చేసుకోవాలి. బెజ్జం వేయడంలో, గొట్టం అతికించడంలో యువకులకు అధికారులు శిక్షణ ఇప్పించాలి. పంచాయతీలు, బడులు ఏటా కొన్ని కలాలైనా కొనాలి. అంకుడు మొక్కల పెంపకాన్ని మాత్రం దీని పేరు చెప్పి మరువరాదు. కలం బొమ్మకు తోడే కాని బదులు కాదు.

కొనేవారు లేని శిక్షణ కాగితాలకే పరిమితమవుతుంది. మొదటి బేరం మన ఊళ్ల నుంచే రావాలి.