‘టప్’మంటే ఎముక కుదిరినట్లేనా?

నడుము పట్టినా, మెడ బిగిసినా “ఎముక పక్కకు జరిగింది, విరిపించుకుంటే కుదురుతుంది” అనడం మా అరకులోయ సంతల్లో నిత్యం వినిపించే మాట. సెల్‌ఫోనులో కైరోప్రాక్టిక్ దృశ్యాలు చూచి పట్టణవాసులూ ఇప్పుడు అదే అంటున్నారు. ఈ విషయంలో ప్రబలిన అపోహలు కొన్నింటిని తొలగించుకోవలసి ఉన్నది.

కైరోప్రాక్టిక్ ప్రాచీన విద్య కాదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ దీనిని ఆరంభించాడు. వెన్నుపూసను సరిచేయగా ఒకరి చెవుడు పోయిందని ఆయన ప్రకటించాడు. రోగాలలో అధికభాగానికి వెన్నుపూసల స్థానభ్రంశమే మూలమన్నది ఆయన వాదం. ఉబ్బసం, మధుమేహం వంటివి దీనివల్ల నయమవుతాయనడానికి ఆధారం లేదు. నడుము నొప్పికి కొంత ఉపశమనం కలుగవచ్చు. అది వ్యాయామం వల్ల కలిగే మేలుకంటె మిన్న అని తేలలేదు.

ఇక ఆ శబ్దం. అది ఎముక స్వస్థానానికి చేరిన ధ్వని కాదు. మనం శ్లేషక కఫమని చెప్పే కీళ్ల జిగురు ద్రవంలో వాయుబుడగ ఏర్పడినప్పుడు వచ్చే చప్పుడు. మెటికలు విరిచినప్పుడు వినిపించేదీ అదే.

ఇది మన ఎముకల కట్టువంటిదేనని కొందరి భావన. గురుకులంలో నేను అభ్యసించిన సుశ్రుతుని భగ్నచికిత్స వేరు. కీలు తప్పడం ఆరు విధాలు, ఎముక విరగడం పన్నెండు విధాలని ఆయన విభజించాడు. సరిచేసి, చెట్టు బెరడు బద్దలతో కట్టి, ఋతువునుబట్టి మూడు, ఐదు, ఏడు రోజులకొకసారి కట్టు మార్చమన్నాడు. కట్టు వదులైతే కీలు నిలవదు, బిగువైతే వాపు, నొప్పి కలుగుతాయి. పుత్తూరు కట్టుకూ ఆధారం విరిగినదానిని కదలకుండా నిలపడమే. చక్కగా ఉన్న మెడను విదిలించడం కాదు.

మెడపూసల రంధ్రాలగుండా మెదడుకు రక్తనాళాలు పోతున్నవి. మెడను హఠాత్తుగా తిప్పితే, అరుదుగానైనా, ఆ నాళపు గోడ చీలి పక్షవాతం రావచ్చు. క్షౌరశాలలో మెడ విరిపించుకొనేవారు ఇది గ్రహించాలి. పక్షవాతానికి ప్రతి గడియా విలువైనదే. మాకు విశాఖపట్నం నూరు కిలోమీటర్లకు పైమాట. బాట లేని గూడేలనుండి రోగిని ముందు డోలీలో మోసుకురావాలి. అటువంటిచోట వినోదానికైనా మెడ విరవడం తగదు.

సామాన్యమైన నడుము నొప్పికి గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, కాపడం, మితమైన నడక చాలు. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, జ్వరం, బరువు తగ్గడం తోడైనా, కిందపడిన తరువాత నొప్పి మొదలైనా ఎవరిచేతా నొక్కించుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వెన్నెముక క్షయవల్ల గుల్లబారిన పూసకూ, వార్ధక్యంలో పెళుసైన ఎముకకూ ఒక్క విదిలింపు చాలు.

ఏ పద్ధతి వైద్యుడైనా సరే, ముందు రోగనిర్ణయం చేయనివానికి మీ మెడను అప్పగించకండి.